ఎన్ని వాట్లని అడక్కండి

గేర్ల సైకిలుకి మోటారు పెట్టించుకుందామనుకునే ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లది కొనమంటారు?" ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు, వాళ్లకి ఆ ప్రశ్న నేర్పిన అమ్మకందార్ల మీద. అట్టపెట్టె మీద 500 అనో 1000 అనో 1500 అనో పెద్ద అంకె అచ్చేసి అమ్ముతారు. అదే మోటారుకి వేరే కంట్రోలరు తగిలించి, వేరే బ్యాటరీ కలిపితే ఆ అంకె మారిపోతుంది. అసలు తెలుసుకోవాల్సింది ఎక్కబోయే కొండ ఎంత నిటారుగా ఉంది, దాన్ని ఎంత నెమ్మదిగా ఎక్కుతాం, చక్రం ఎంత పెద్దది అని.

మనిషి, సైకిలు, మోటారు, బ్యాటరీ, నీళ్ల సీసా అన్నీ కలిపి వంద కిలోలు అనుకోండి. వంద మీటర్లు పోతే పది మీటర్లు లేచే దారి. అరకు వైపు మట్టి బాటలు పట్టేవాళ్లకి ఇలాంటివీ, ఇంతకన్నా నిటారువీ తగులుతూనే ఉంటాయి. అక్కడ వెనక్కి లాగే బలం సుమారు 98 న్యూటన్లు. గంటకి తొమ్మిది కిలోమీటర్ల చొప్పున ఎక్కితే చక్రం దగ్గర కావలసింది 245 వాట్లు, మట్టిలో టైర్ల రాపిడికి ఇంకొంచెం. అందులో వంద దాకా మన కాళ్లే ఇస్తాయి. మన దేశంలో లైసెన్సూ రిజిస్ట్రేషనూ లేకుండా నడుపుకోనిచ్చేది 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల వేగం లోపు బండిని. అంటే చట్టం ఒప్పుకున్న ఆ చిన్న మోటారుకే ఈ కొండ అందుతుంది. అందాలంటే మాత్రం ఆ నత్తనడకలో, కాగిపోకుండా, కాళ్ల సాయంతో కలిపి 26 అంగుళాల చక్రాన్ని 32 న్యూటన్ మీటర్ల టార్కుతో తిప్పగలగాలి. 29 అంగుళాల చక్రమైతే అదే వాలుకి 36 కావాలి. ఈ సంగతి అట్టపెట్టె మీద ఉండదు.

మోటారులో టార్కు కరెంటుతో పాటు పెరుగుతుంది. రాగి తీగల్లో వేడి మాత్రం కరెంటు రెట్టింపైతే నాలుగింతలవుతుంది. చదును రోడ్డు మీద గంటకి ముప్ఫై కిలోమీటర్లతో పోతూ 500 వాట్లిచ్చినా గోరువెచ్చగా ఉండే మోటారే, కొండ మీద అందులో సగం వాట్లకి చెయ్యి పెట్టనివ్వదు. అక్కడ వాట్లు తగ్గాయి గానీ టార్కు పెరిగింది. అలాగే ఇంకా లాగించారంటే తీగల మీది పూత మాడుతుంది. వ్యవసాయ మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ముందు నిలబడిన వాళ్లకి ఆ వార్నిష్ కమురు వాసన కొత్త కాదు.

హబ్ మోటార్లలో రెండు జాతులున్నాయి. మొదటిది డైరెక్ట్ డ్రైవ్: లోపల గేర్లుండవు, మోటారు పైచిప్పే చక్రం హబ్బు. ఇది చాలా పాతది. 1895 డిసెంబరు 31న అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కాంటన్‌కి చెందిన ఆగ్డెన్ బోల్టన్ జూనియర్‌కి 552,271 నంబరు పేటెంటు దక్కింది. వెనక చక్రం మధ్యలోనే మోటారు, పది వోల్టుల బ్యాటరీ, వంద ఆంపియర్ల దాకా కరెంటు, ఎక్కడా ఒక్క గేరు లేదు. మోటారు కారు ఇంకా వింతగా ఉన్న కాలంలో ఆయన ఇంత శుభ్రమైన ఆలోచన చేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ జాతిలో అరిగే భాగాలు దాదాపు ఉండవు. చప్పుడు లేదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులా పనిచేసి కొంత చార్జి తిరిగి బ్యాటరీకి పంపుతుంది. కానీ బరువు అయిదారు కిలోలుంటుంది, పైగా కరెంటు ఆపేసి తొక్కితే చక్రం కాళ్లని పట్టి లాగుతుంది.

ఆ లాగుడు మా తరానికి బాగా తెలుసు. మాకు సైకిలుకి డైనమో ఉండేది, ఆరు వోల్టులు, మూడు వాట్లు. మీట నొక్కితే దాని తల టైరు పక్కకి ఆనుకుని గుర్రుమంటూ తిరిగేది. అది ఆనుకున్న క్షణం నుంచి పెడలు బరువెక్కేది. సెకండ్ షో వదిలాక ఊరి బయట కంకర రోడ్డు మీద, వెనక క్యారియర్ మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని, ఆ పసుపు వెలుగులో గుంతలు చూసుకుంటూ తొక్కేవాణ్ణి. గట్టిగా తొక్కితే లైటు తెల్లబడేది, మెత్తబడితే ఎర్రబడిపోయేది. వాడికి నిద్రొస్తే లైటు చూపించి, "నువ్వు కబుర్లు చెప్పకపోతే ఇది ఆరిపోద్దిరా" అనేవాణ్ణి. వాడు నిజమని నమ్మి చూసొచ్చిన సినిమా కథంతా మళ్లీ మొదటి నుంచీ చెప్పేవాడు, ఫైటింగులు చప్పుళ్లతో సహా. లైటు లేకుండా పోతే పోలీసులు ఆపేవారు, గాలి తీసి నడిపించిన రోజులూ ఉన్నాయి. బల్బు మాడిపోతే చేతిలో టార్చి పట్టుకుని పోయేవాళ్లం. ఆ మూడు వాట్లు వెలిగించడానికి మనిషి కాళ్లు ఎంత కష్టపడాలో తెలిసినవాళ్లకి వాటు విలువ వేరే చెప్పక్కర్లేదు.

రెండో జాతి గేర్ల హబ్బు. లోపల చిన్న మోటారు గబగబా తిరుగుతుంది, మూడు నైలాన్ పళ్లచక్రాలు ఆ వేగాన్ని అయిదో వంతుకి దింపి, టార్కుని అంత మేరకి పెంచి చక్రానికిస్తాయి. కొండకి కావలసింది సరిగ్గా ఇదే. బరువు మూడు కిలోల చుట్టుపక్కల. లోపల ఒక పక్కకే పట్టే క్లచ్చు ఉంటుంది గనక కరెంటు ఆపేస్తే మామూలు సైకిలే. నైలాన్ పళ్లు కొన్నేళ్లకి అరిగితే విప్పి మార్చుకోవచ్చు. వేడి బయటికి పోవడం దీంట్లో ఆలస్యం, పొడుగాటి ఘాట్లలో నడుమ ఆగి చల్లారనివ్వాలి. అయినా రాళ్ల దారుల్లో తొక్కే వాళ్లెవరడిగినా నేను దీన్నే కొనమంటాను. చక్రంలో ఆరు కిలోలు మోస్తూ రాయి మీద పడ్డప్పుడు ట్యూబుకీ రిమ్ముకీ తగిలే దెబ్బ చిన్నది కాదు.

కొనేటప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లో చూడండి. నిమిషానికి 201 చుట్లు తిరిగేది 26 అంగుళాల చక్రంలో సరిగ్గా 25 కిలోమీటర్ల వేగమిస్తుంది. 328 చుట్లది 40 దాటిస్తుంది. ఒకే రాగి, ఒకే ఇనుము, చుట్టడంలోనే తేడా. నెమ్మది చుట్టుడు పెట్టినంత మాత్రాన మోటారు వేడి తగ్గదు గానీ, కంట్రోలరు ఇవ్వగలిగే ఆంపియర్లకి హద్దుంటుంది కదా, ఆ హద్దులో ఎక్కువ టార్కు ఇచ్చేది నెమ్మదిదే. కొండకి 201 తీసుకోండి.

ఫ్రేము స్టీలుదైతే అదృష్టం. వెనక ఇరుసు పట్టే చోటు లోపలి వెడల్పు 135 మిల్లీమీటర్లుంటే చాలా హబ్బులు పడతాయి. ఖరీదైన కొత్త సైకిళ్లలో వచ్చే త్రూ యాక్సిల్‌కి మామూలు హబ్బు ఎక్కదు. ముందు సస్పెన్షన్ ఫోర్కుకి మోటారు పెట్టొద్దు, దాని కింది కొమ్ములు మోటారు మెలికకి చేసినవి కావు.

ఆ మెలిక విషయంలో నాకొక కోపం ఉంది, తగ్గదు. మోటారు చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఇరుసుకి రెండు పక్కలా పది మిల్లీమీటర్ల చదును, అంతే. 40 న్యూటన్ మీటర్లకే ఆ అంచుల దగ్గర నాలుగు వందల కిలోల బరువంత ఒత్తిడి. అందుకే టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ ఫ్రేముకి బిగించాలి. నాకు మోటారు అమ్మిన దుకాణంలో ఆయన, "అక్కర్లేదండీ, నట్లు గట్టిగా బిగిస్తే చాలు" అని ఆ పట్టీ ఇవ్వకుండానే పంపాడు. పట్టీ మరెక్కడా దొరక్క, ఆయన మాట మీద బిగించాను. ఎక్కుతుంటే ఒక మలుపులో ఇరుసు తిరిగిపోయి, వైర్లు దాని చుట్టూ మెలిపడి తెగి, కంట్రోలరు కాలింది. ఫ్రేములో ఇరుసు పట్టే చోట అల్యూమినియం అంచులు వెన్నలా విచ్చుకున్నాయి. వెనక చక్రం ఊడొస్తే కొండ దారిలో మనిషేమయ్యేవాడు? రెండు పట్టీల ఖర్చు మోటారు ధరలో లెక్కలోకే రాదు. మర్నాడు వెళ్లి అడిగితే ఆయన మళ్లీ వాట్ల గురించే మాట్లాడాడు.

స్పోకుల సంగతీ అంతే. కిట్లతో పాటు 12 గేజి లావు స్పోకులు ఇస్తారు, లావుంటే గట్టిదని. లావు స్పోకు సాగదు. గుంతలో రిమ్ము నొక్కుకున్నప్పుడు అది వదులై నిపుల్ దానంతటదే తిరిగిపోతుంది. సన్నటి 14 గేజి బిగువుగా సాగి ఉంటుంది గనక వదలదు. ఈ విషయం నాకు చెప్పింది మా పేట సైకిలు షాపు పెద్దాయన. సైకిల్ని తలకిందులు చేసి, ఫ్రేము రెండు పక్కల నుంచీ రిమ్ముకి వేలు అడ్డం పెట్టి దూరం చూస్తూ, మోటారు ఒక పక్కకి లావుగా ఉన్నా చక్రాన్ని నడిమధ్యకి తెస్తాడు. ప్రతి స్పోకునీ మీటి బిగువు వింటాడు. మామూలు చక్రానికి ఎంత మజూరీయో దీనికీ అంతే పుచ్చుకుంటాడు, ఎక్కువిస్తానంటే చెయ్యి అడ్డం పెడతాడు. మోటారుకి వేలకి వేలు పోసి, ఆయన మజూరీ దగ్గర పది రూపాయలకి బేరమాడేవాళ్లని అక్కడే చూశాను. వాళ్లతో సైకిలు గురించి మాట్లాడాలని నాకు అనిపించదు.