రెంటచింతల వాడికి సౌనా పొయ్యి

"రెంటచింతలలో పుట్టినవాడివి, డబ్బులిచ్చి వేడి కొనుక్కుంటున్నావుట్రా?" అన్నారు నాన్న ఫోన్లో. ఎండాకాలం వార్తల్లో ఏటా మా ఊరి పేరు వస్తుంది కదా, ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు.

ఫిన్లాండులో, టాంపెరే ఊరి శివార్లలో మేం కొన్న పాత ఇంటి పెరట్లో దుంగలతో కట్టిన చిన్న సౌనా ఉంది. దాని పొయ్యి అడుగు కాలిపోయి చిల్లుపడింది. ఆ పొయ్యిని ఇక్కడ కియుఆస్ అంటారు. సుమారు 55 లక్షల జనాభాకి దాదాపు 30 లక్షల సౌనాలున్న దేశం ఇది. 2020లో యునెస్కో ఈ సౌనా సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటిచోట పొయ్యి చెడిపోయిందని చెబితే, ఇంట్లో ఎవరికో బాగాలేదన్నట్టు పరామర్శిస్తారు.

కరెంటుదా, కట్టెలదా? మా ఇంట్లో నాలుగు నెలలు ఇదే చర్చ. "మీట నొక్కితే గంటలో వేడెక్కుతుంది. పొగ లేదు, బూడిద ఎత్తక్కర్లేదు, పొగగొట్టం తుడిచే మనిషిని పిలవక్కర్లేదు," అనేది మా ఆవిడ. నేను లెక్కలు వేసేవాణ్ణి. కరెంటు పొయ్యికి స్థూలంగా ఘనమీటరుకి ఒక కిలోవాట్. గదిలో గాజు, ఉత్త రాతిగోడ ఉంటే ఒక్కో చదరపు మీటరుకి ఇంకో 1.2 ఘనమీటర్లు కలుపుకోవాలి. లోపల తొడుగు లేని దుంగల గోడలైతే మొత్తాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. మా గది 9 ఘనమీటర్లే, కానీ పొయ్యి దృష్టిలో అది పదమూడున్నర!

పక్కింటి పెద్దాయన నా కాగితం చూసి నవ్వారు. "కిలోవాట్లు సరే, రాళ్ళెన్ని?" అన్నారు. రాళ్ళు తక్కువైతే గది తొందరగానే వేడెక్కుతుందట గానీ, నీళ్ళు చల్లగానే ఆవిరి ఒక్కసారిగా లేచి చెవులు చురుక్కుమంటాయట. రాళ్ళు ఎక్కువుంటే ఆలస్యంగా కాగుతాయి, ఆవిరి మెత్తగా వస్తుంది. ఆ ఆవిరిని లోయ్ల్యు అంటారు. పొయ్యి కొనేది దానికోసమే అన్నారాయన.

మేం తేల్చుకోకముందే జూన్‌లో నాన్న వచ్చారు. అమ్మ పోయాక ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకోవడం అదే మొదలు. మూడు నెలల వీసా. రాత్రి 11 దాకా వెలుతురు. భాష రాదు, బజారు లేదు, పలకరించేవాడు లేడు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బస్సులు చూసేవారు. రెండో వారంలోనే "టికెట్టు ముందుకి జరపడం కుదురుతుందేమో చూడరా" అన్నారు.

ఆ సాయంత్రమే కట్టెల పొయ్యి ఆర్డరిచ్చాను. ఇంట్లో నెగ్గడానికి కాదు, ఆయనకో పని దొరుకుతుందని.

దొరికింది. బర్చ్ కట్టెలు చీల్చి, ఎండబెట్టి, గోడవారగా పేర్చడం ఆయన వంతయింది. పక్కింటి పెద్దాయన బర్చ్ బెరడుతో నిప్పు రాజేయడం సైగలతో నేర్పించారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, పొయ్యి ముందు మాత్రం గంటలు గంటలు కూర్చునేవారు. ఓ రోజు ఆయన చెప్పిన మాట నేను నాన్నకి తెలుగులో చెప్పాను. పూర్వం ఇక్కడి ఆడవాళ్ళు సౌనాలోనే ప్రసవించేవాళ్ళు, పోయినవాళ్ళకి ఆఖరి స్నానం కూడా అక్కడే చేయించేవాళ్ళు అని. నాన్న విని ఊరుకున్నారు.

మరుసటి శనివారం ఒక్కరే వెలిగించబోయారు. పొగగొట్టం పలక తెరవడం మర్చిపోయారు. నేను పరుగెత్తేసరికి తలుపు తీసుకుని బయటికొచ్చి, మెట్టు మీద కూర్చుని, కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు. దగ్గు ఆగాక అన్నారు:

"పత్తికట్టెరా అప్పుడు. పచ్చిది కూడా. మీ అమ్మ రోజూ తెల్లారుజామునే కాగు కింద మంట పెట్టేది. నేను మంచం మీంచి 'నీళ్ళు కాగాయా?' అని కేకేసేవాణ్ణి. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పొయ్యి దగ్గరికి పోలేదు."

నాకు ఏమనాలో తోచలేదు. ఆ కేక నేను కూడా వేసినవాణ్ణే.

కాసేపటికి ఆయనే లేచి, పలక తెరిచి మళ్ళీ వెలిగించారు. ఆయనకి బీపీ ఉంది కాబట్టి కింది బల్ల మీదే, పది నిమిషాలే కూర్చోనిచ్చాను. మొదటి గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద ఆయనే పోశారు. ఆవిరి మెల్లగా వచ్చి మా ఇద్దరినీ కప్పింది. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

సెప్టెంబరు మొదట్లో వెళ్ళిపోయారు. రెంటచింతల ఇంట్లో ఇప్పుడు గ్యాసు గీజరుంది, కాగు అటక మీదుంది. ప్రతి శనివారం మాత్రం ఫోన్ చేస్తారు. "వెలిగించావా?" అంటారు. వెలిగించానంటే, కెమెరా పొయ్యి వైపు తిప్పమంటారు.