కొండకెళ్లే రోజు మానేసే మాత్ర

శివరాత్రి మర్నాడు కోటబొమ్మాళిలో ఒక డాక్టరు గారి ఓపీ మామూలు రోజుల్లా ఉండదు. మోకాళ్లు పట్టేసినవాళ్లు, కళ్లు తిరిగినవాళ్లు, రాత్రంతా జాగారం చేసి వడలిపోయినవాళ్లు బెంచీల మీద ఒరిగిపోయి ఉంటారు. కొందరు రావివలసలో ఎండల మల్లన్నను చూసొచ్చినవాళ్లు. మరికొందరు మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కి దిగినవాళ్లు. ఆయన అందరినీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, నిన్న మందులు వేసుకున్నారా అని. తరచుగా వచ్చే జవాబూ ఒకటే.

"ఉపాసం కదా బాబూ, బిళ్లేసుకుంటే సెడిపోదా?"

ఈ మాట వింటే ఆయనకు కోపం ఆగదు. ఏడాది పొడుగునా క్రమం తప్పకుండా వేసుకునే బీపీ మాత్రను, గుండె మీద అన్నిటికంటే ఎక్కువ భారం పడే ఆ ఒక్కరోజే మానేస్తారు. మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటి మాత్రలకు అలవాటుపడిన శరీరానికి వాటిని ఉన్నట్టుండి ఆపేస్తే గుండె వేగం పెరుగుతుంది, ఎప్పుడో తగ్గిన గుండెనొప్పి తిరగబెట్టొచ్చు. గుక్కెడు నీళ్లతో మాత్ర మింగితే ఏ దేవుడూ కోప్పడడని ఆయన ఎన్ని శివరాత్రుల ముందు చెప్పినా, తలూపి వెళ్లి మానేసేవాళ్లు మానేస్తూనే ఉన్నారు.

టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడది మరో కథ. ఆమె మాత్ర మానలేదు, తిండి మానేసింది. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో సుగరు మాత్ర గ్లిమెపిరైడ్ వేసుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కడుపులో అన్నం పడినా పడకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. నడక ఉన్న సుగరును కూడా ఖర్చు చేసేస్తుంది. సగం దారిలో ఆమెకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. వెంట ఉన్నవాళ్లు దేవుడు పూనాడనుకుని దండాలు పెట్టారు. మనవడి వరస కుర్రాడొకడు అనుమానం వచ్చి బెల్లం ముక్క నోట్లో పెట్టాడు. ఆ ముక్కే ఆమెను కాపాడింది.

మర్నాడు ఆమె కొంగుముడి విప్పి మాత్రల అట్ట చూపించినప్పుడు డాక్టరు గారు గట్టిగానే కేకలేశారు. తర్వాత చూపు ఆమె పాదాల మీద పడి గొంతు తగ్గింది. చెప్పుల్లేకుండా ఎక్కి దిగింది. రెండు మడమల మీదా బొబ్బలు చిట్లాయి. ఎడమ బొటనవేలి కింద రాతిపలుకు దిగబడి ఉంది. నొప్పి పుట్టలేదా అని అడిగితే ఆమె ముఖం వెలిగిపోయింది. "ఏటీ నొప్పెట్టనేదు బాబూ, అంతా శివుడి దయ." ఏళ్ల తరబడి అదుపులో లేని సుగరు పాదాల్లోని నరాలను చంపేసిందని, నొప్పి తెలియకపోవడమే జబ్బని ఆమెకు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. పలుకు తీసి, పుండు కడిగి, కట్టు కట్టి, వారం తిరక్కుండా రమ్మన్నారు. ఆ సాయంత్రం ఆమె కొడుకును పిలిపించి విషయం చెప్పారు.

కొండను తప్పుపట్టడం ఆయన ఉద్దేశం కాదు. రోజూ నడిచేవారికి కొండదారి మేలే చేస్తుందని ఆయనే చెబుతారు. మహేంద్రగిరి 1501 మీటర్లు. పైన భీముడు, ధర్మరాజు, కుంతి పేర్ల మీద రాతిగుళ్లు ఉన్నాయి. ఆ ఎత్తులో గాలి చాలదేమోనన్న భయం అక్కర్లేదు, ఆ ఇబ్బంది సాధారణంగా 2500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. అసలు ఇబ్బంది ఎక్కుడే. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ వాసి కొండనడకకు ఒక లెక్క కట్టాడు: దూరానికి గంటకు సుమారు 5 కిలోమీటర్ల చొప్పున వేసుకుని, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట కలపాలి. అదీ ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు. మైదానం నుంచి బయలుదేరి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు ఎత్తు ఒక్కటే రెండు గంటలకు పైగా కలుస్తుంది. దిగడం వేరే. మోకాళ్లను ఎక్కువగా నలిపేది ఆ దిగడమే.

ఇంట్లో రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కలేనివాళ్లు ఆ కొండ జోలికి పోవద్దని ఆయన ముందే చెబుతారు. అలాంటివాళ్లకు వంశధార ఒడ్డున శాలిహుండం చాలు. గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాలను చూస్తూ, మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కొచ్చు. కొంచెం ఓపిక ఉంటే రామతీర్థం బోధికొండ మెట్లు. సింహాచలం గిరిప్రదక్షిణ ఎక్కుడు కాదుగదా అని తేలిగ్గా తీసుకోవద్దంటారు, అది 32 కిలోమీటర్ల నడక. సీతంపేట ఏజెన్సీ కొండలకు వెళ్లొచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే, వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మలేరియానో, పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్సో అన్న అనుమానం ఆ ఒక్క మాటతోనే తడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, నొప్పి సూది ఒక ఎత్తు.

వజ్రపుకొత్తూరు వైపు కుర్రాడొకడు స్నేహితులతో మహేంద్రగిరి ఎక్కాడు. ముగ్గురికి కలిపి తీసుకెళ్లింది ఒకే సీసా నీళ్లు. దిగాక తొడలు బిగుసుకుపోతే ఊళ్లో సూది మందు చేయించుకున్నాడు, మర్నాడు ఇంకొకటి, ఆపైన మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ మాత్రలు. నాలుగో రోజుకు మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరిగి, బాగా తగ్గిపోయింది. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో, 1.2 దాటకూడని క్రియాటినిన్ మూడు దాటింది. నీళ్లు తాగకుండా శక్తికి మించి నడిస్తే కండరాలు చితికి, వాటి లోపలి పదార్థం కిడ్నీలో అడ్డుపడుతుంది. అప్పటికే నీరు చాలని కిడ్నీకి రక్తం అందకుండా నొప్పి మందు మరింత బిగిస్తుంది. వెంటనే సెలైన్లు పెట్టారు, పెద్దాసుపత్రికి పంపారు. వాడు కోలుకున్నాడు, అదృష్టం.

ఉద్దానంలో పుట్టినవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఉద్దానంగా పిలిచే కవిటి, సోంపేట, పలాస, మందస మండలాల్లో డయాలిసిస్ చూడని పల్లె తక్కువ. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం తేలేలోగా మన చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటుంది, అదే ఆయన అందరినీ బతిమాలుకునేది. కొండ దిగాక కాళ్లు పీకితే గోరువెచ్చని నీళ్లు పోసుకోండి, మజ్జిగ తాగండి, రెండు రోజులు పడుకోండి. సూది అడగకండి. తప్పదనుకుంటే పారాసెటమాల్ వేసుకోండి. కొండకు బయలుదేరడానికి వారం ముందు మీ మందుల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి, ఉపవాసం ఉంటున్నామని చెప్పండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏది ఆ ఒక్క పూటకు తగ్గించాలో రాసిస్తారు.