ఇషా తర్వాత పది సవాళ్లు

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకి వచ్చి సవాలయ్యాక, దమ్ముంటే రా అని తొడగొట్టే మాటైపోయింది. మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రి మేమాడే ఆటకి ఈ రెండు అర్థాలూ సరిపోతాయి.

2020 రంజాన్‌లో మొదలైందిది. లాక్‌డౌన్ రోజులు. తరావీ ఇంట్లోనే. ఇఫ్తార్‌కి పిలిచేవాళ్లు లేరు, పిలిచినా వెళ్లే దారి లేదు. కరీంనగర్‌లో మా ఖాలా ఒక్కతే, జెద్దాలో ఆమె కొడుకూ కోడలూ, విజయవాడలో ఛోటే మామూ, హైదరాబాద్‌లో మేము. పొద్దున లేస్తే కేసుల లెక్కలు ఫార్వర్డ్ చేసుకోవడం, పరేషాన్ అవడం, ఇదే పని. ఇంటర్ చదువుతున్న మామూ కూతురు విసిగిపోయి, "ఇవన్నీ బంద్ చేసి ఏదైనా క్విజ్ పెట్టండి భయ్యా" అంది. అఖ్బార్‌లో పనిచేసేవాడికి అన్నీ తెలుస్తాయని మావాళ్ల గుమాన్. ప్రశ్నలేసే డ్యూటీ చాలావరకు నా మెడకే పడింది.

కాయిదాలు తేలిక. పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్క నిమిషం, గూగుల్ ముట్టుకోకూడదు. ఇండియాలో తొమ్మిదిన్నర అయితే జెద్దాలో ఏడు, కాబట్టి అందరికీ కుదిరే వేళ. ఇనాం ఏమీ లేదు. గెలిచినవాళ్లకి ఖాలా దువా చేస్తుంది, ఓడినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ చేస్తుంది.

మొదటి చిక్కు లిపి దగ్గరే వచ్చింది. ఖాలాకి ఉర్దూ తప్ప ఇంకో లిపి రాదు. పిల్లల్లో అలిఫ్, బే గుర్తుపట్టేవాళ్లు ఇద్దరే. తెలుగులో రాస్తే ఖాలా బయట, ఉర్దూలో రాస్తే పిల్లలు బయట. అందుకని ప్రశ్నలన్నీ వాయిస్‌లో పంపడం మొదలుపెట్టాం. ఒక విధంగా పాత పద్ధతికే వెళ్లినట్టయింది. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో బైత్‌బాజీ ఆడించేవాళ్లు. అవతలి జట్టు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిస్తే, ఆ అక్షరంతోనే మనం ఇంకో షేర్ అందుకోవాలి. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అష్టావధానం గురించి చదివాను. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒక్కడిని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేస్తారు. రెండు జబాన్లలోనూ పెద్దలు నోటితోనే ఇలాంటి ఆటలు ఆడుకున్నారు.

ఇక అసలు విషయం. జెద్దాలో ఉన్న మా భాభీ ప్రకాశం జిల్లా పల్లె పిల్ల. వాళ్లింట్లో మొదటినుంచీ తెలుగే. దువా అరబ్బీలో, దెబ్బలాట తెలుగులో అని తనే నవ్వుతూ చెప్పేది. అలాంటి ముసల్మాన్ ఇళ్లు కోస్తాలో, సీమలో ఎన్నో ఉన్నాయి. మా ఉర్దూ ఇళ్లలో మాత్రం వాళ్ల మాట వస్తే ఒక చిన్న నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు ఎలాంటిదో ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలుసు.

ఒక వారం ప్రశ్నలు ఛోటే మామూవి. "ఖులాసా అంటే ఏమిటి?" అని అడిగాడు. సారాంశం అన్నది ఆయన దగ్గరున్న జవాబు. భాభీ అందరికంటే ముందు "క్షేమంగా ఉండటం" అంది. గ్రూపంతా నవ్వుల బొమ్మలు. ఎవరో "దుల్హన్‌కి ఉర్దూ రాదు కదా, ఛోడో" అని కూడా పెట్టారు. కులాసాగా ఉన్నారా అని తెలుగువాళ్లు రోజూ పలకరించుకునే మాటే అది. ఆ జవాబుకి ఒక్క మార్కు కూడా పడలేదు.

తర్వాత మూడు వారాలు భాభీ గొంతు వినపడలేదు. లాక్‌డౌన్‌లో, పరాయి ముల్కులో, నాలుగు గోడల మధ్య ఉన్న మనిషికి ఆ గ్రూపే వాకిలి. మూడో వారం ఖాలా వాయిస్ పెట్టింది. "హసో నక్కో రే, నై మాలూం బోల్నా ఐబ్ నై." నవ్వకండ్రా, తెలియదనడం తప్పు కాదు అని. ఆమె ఎవరి పేరూ తీయలేదు. తీయనక్కర్లేకపోయింది.

ఆ శనివారం నేను పద్ధతి మార్చాను. ఉర్దూలోనూ తెలుగులోనూ ఉండి, రెండు చోట్లా వేరే అర్థం ఉన్న మాటలే అడుగుతానన్నాను. రెండర్థాలూ చెబితేనే మార్కు. ఇద్దరిద్దరు జట్టు. ఖాలాకి జోడీ భాభీ.

షికారు: ఉర్దూలో వేట, తెలుగులో సరదాగా తిరిగిరావడం. రాజీనామా: ఉర్దూలో ఇరుపక్షాలూ రాజీపడి రాసుకునే కాగితం, తెలుగులో ఉద్యోగం వదిలేసే కాగితం. దర్జా: అక్కడ తరగతి, ఇక్కడ ఠీవి. అత్తాకోడళ్లు ఫోన్‌లో మాట్లాడుకుని గ్రూపులో జవాబు పెట్టారు. పదికి తొమ్మిది. అంతకుముందు వాళ్లిద్దరి ఫోన్లు ఖైరియత్ అడిగే రెండు నిమిషాల్లో అయిపోయేవి. ఆ రాత్రి ఆట ముగిశాక కూడా గంటసేపు మాట్లాడుకున్నారని ఖాలాయే చెప్పింది.

అప్పటినుంచి ప్రశ్నల రంగే మారింది. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన ఎవరికి అంకితమిచ్చాడు? ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు అమీన్‌ఖాన్‌కి. 1908లో మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడ్డ ఉర్దూ షాయర్? మఖ్దూం మొహియుద్దీన్. తెలుగులో కావ్యాలూ నాటకాలూ రాసి, ఢిల్లీలో కేంద్ర శాసనసభ మెంబరుగా కూర్చున్న పిఠాపురం కవి? ఉమర్ అలీషా. ఈ చివరిదానికి భాభీ ఒక్కతే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆయన పద్యాలు పాడేవాడట. ఛోటే మామూ షాబాషీ ఇచ్చాడు. మాఫీ అడగలేదు, అది ఆయన మిజాజ్. కానీ తర్వాతి వారం ఉమర్ అలీషా గురించి ఇంకేం చదవాలో చెప్పమని భాభీనే అడిగాడు.

మా మేనల్లుడిని కాలేజీలో ఎవరో "తెలుగు బాగా మాట్లాడుతున్నావే" అన్నారట. ఇదివరకైతే మొహం మాడ్చుకుని వచ్చేవాడు. ఈసారి "మీరూ ఉర్దూ బాగా మాట్లాడుతున్నారు. ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, జవాబు, ఇవన్నీ మావే కదా" అన్నాడట. వాళ్లూ నవ్వారు, వీడూ నవ్వాడు. దానితో దునియా మారిపోదు. కాకపోతే వాడు ఆ రోజు అన్నం సరిగ్గా తిన్నాడు.

మీ ఇళ్లలో మొదలుపెట్టాలనుకుంటే నాకు తెలిసినవి మూడు మాటలు. ప్రశ్న గొంతుతో పంపండి, చదువురాని నానీ కూడా ఆడుతుంది. పెద్దవాళ్లు మాత్రమే చెప్పగలిగేది ఒకటి, పిల్లలు మాత్రమే చెప్పగలిగేది ఒకటి ప్రతి వారం ఉంచండి. ఎవరి దీన్‌నో, జబాన్‌నో తూకం వేసే ప్రశ్న వద్దు. అది ఆట కాదు, ఇమ్తెహాన్.

మొదటి ప్రశ్న నేనే ఇస్తాను. బందోబస్తు. ఖాలాకి ఈ మాట వింటే పెళ్లి ఇంట్లో వంటల ఏర్పాటు గుర్తొస్తుంది, మా మేనల్లుడికి రోడ్డు మీద పోలీసులు గుర్తొస్తారు. మీ ఇంట్లో ఎవరికి ఏది గుర్తొస్తుందో ఈ శనివారం అడిగి చూడండి.