టాహో నీళ్ల మీద సైకిలు

ఒడ్డున నిలబడి చూస్తే అడుగునున్న గులకరాళ్లు లెక్కపెట్టేలా ఉన్నాయి. మోకాలి లోతు ఉంటుందేమో అనుకుని కాలు పెట్టబోయాను. "అక్కడ నిలువు లోతుంది అత్తయ్యా, దిగకండి" అన్నాడు అల్లుడు. గోదారి ఎర్రనీళ్లు చూస్తూ పెరిగినదాన్ని. అడుగు కనిపించే నీళ్లకు అంత లోతు ఉంటుందంటే నమ్మబుద్ధి కాలేదు.

కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల మధ్య, సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంది టాహో సరస్సు. బాగా లోతైన చోట 500 మీటర్లు ఉంటుందట. జూన్ నెల. ఎండ చురుక్కుమంటున్నా కొండల మీద మంచు ఇంకా తెల్లగా మెరుస్తోంది. ఆ మంచు కరిగి వచ్చిన నీళ్లే ఇవి. వేలు పెడితే జివ్వుమంది.

దక్షిణపు ఒడ్డున నీటి సైకిళ్లు అద్దెకిస్తున్నారు. రెండు పొడుగాటి తేలుడు బుంగలు, వాటి మధ్య ఒక చట్రం, దాని మీద మామూలు సైకిలుకున్నట్టే సీటూ హ్యాండిలూ. తొక్కుతుంటే ఒక ఇరుసు తిరిగి, నీళ్లలో ఉన్న చిన్న ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. హ్యాండిల్ తిప్పితే వెనకున్న చుక్కాని తిరుగుతుంది. బ్రేకులుండవు. ఆగాలంటే వెనక్కి తొక్కాలి, అప్పుడు కూడా కొంత దూరం జారుకుంటూ పోయి గానీ ఆగదు.

అద్దెకిచ్చే కుర్రాడు ముందు నా చున్నీ తీసేయమన్నాడు. పెడళ్లలో చిక్కుకుంటుందని. మడిచి అమ్మాయి చేతికిచ్చాను. తర్వాత లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలన్నీ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగాడు. అది చెవుల దాకా లేచొచ్చింది. తల అడ్డంగా ఊపి, మళ్లీ బిగించి మళ్లీ లాగాడు. ఈసారి కదల్లేదు. అక్కడి చట్టం ప్రకారం 13 ఏళ్ల లోపు పిల్లలు వేసుకుని తీరాలి. పెద్దలకైతే బండి మీద అందుబాటులో ఉంటే చాలట. చాలదని నేనంటాను. 2019 సెప్టెంబరులో గోదారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన రోజున రాజమండ్రిలో ఏ ఇంట్లోనూ టీవీ కట్టెయ్యలేదు. ఆ రోజు నుంచి లైఫ్ జాకెట్ నాకు అలంకారంలా కనిపించదు.

పొద్దున నీళ్లు అద్దంలా ఉన్నాయి. తొక్కుతుంటే చప్పుడే లేదు, బుంగల కింద నీరు గలగలమనడం తప్ప. అల్లుడు ఒడ్డు వెంబడి గాలికి ఎదురుగా పోదామన్నాడు. నాకు మాత్రం నడిమధ్య నీలం రంగు మీదే కళ్లు. అటు తిప్పాను. ఎంత తేలిగ్గా పోతోందో! కాసేపటికి తొక్కకపోయినా పోతోంది. అప్పుడే అనుమానం రావలసింది.

ఎండాకాలం పొద్దెక్కే కొద్దీ టాహో మీద తరచుగా నైరుతి గాలి లేస్తుంది. మన ఊళ్లో నైరుతి వానలు తెస్తుంది. అక్కడ దక్షిణపు ఒడ్డున ఉన్నవాళ్లను సరస్సు నడుముకు తోసుకుపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున అమ్మాయి వేలెడంత కనిపించింది. బండి తిప్పి ఎంత తొక్కినా ముందుకు సాగదు. సీటు ఎత్తుగా ఉండటంతో నిటారుగా కూర్చున్న మనిషే తెరచాపయిపోతాడు. అంతలో మోటారు బోటొకటి దూరంగా దూసుకుపోయింది. దాని అలకు ఎదురు తిరగాలని తెలియలేదు. అది పక్కనుంచి కొట్టింది. బండి బోర్లా పడలేదు గానీ నేను జారి పడ్డాను.

నాకు ఈత బాగా వచ్చు. అయినా ఆ చలికి ఊపిరి నా చేతిలో లేకుండా పోయింది. ఎగశ్వాస, దాని మీద ఎగశ్వాస. ఆ క్షణంలో తల నీళ్లలో ఉండుంటే నీళ్లే మింగేదాన్ని. జాకెట్ నా గడ్డాన్ని పైన నిలబెట్టింది. చన్నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి కోసం, తర్వాతి పది నిమిషాలు బయటపడటం కోసం అని కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా నా వెనకే వస్తున్న అల్లుడి కేక: "బండి వదలకండి! ఈదకండి అత్తయ్యా!"

గాలికి బండి అప్పటికే జరిగిపోతోంది. రెండు బారలు వేసి దానికున్న తాడు అందుకున్నాను. ఊపిరి కుదుటపడ్డాక వెనక వైపు రెండు బుంగల సందులోంచి బోర్లా పాకుతూ పైకెక్కాను. వేళ్లు అప్పటికే బిగుసుకుపోయాయి, హ్యాండిల్ మీద పట్టు దొరకలేదు. అల్లుడు తన బండి దగ్గరకు తెచ్చాడు. ఇద్దరం నడుములు వంచి, గాలికి ఏటవాలుగా, మాట లేకుండా తొక్కాం. పోయేటప్పుడు పది నిమిషాలు పట్టిన దూరం వచ్చేటప్పటికి ముప్పావు గంటయింది.

ఒడ్డున అమ్మాయి చున్నీతో నా తల తుడుస్తూ ఏమీ అనలేదు. చేతులు మాత్రం వణుకుతున్నాయి, నావి కాదు, తనవి.

మర్నాడు పెందలాడే, ఇంకా ఆకు కదలకముందే మళ్లీ వెళ్లాం. ముందుగా గాలి వచ్చే వైపుకే, ఒడ్డుకు దగ్గరగా. బయల్దేరే ముందు అల్లుడి జాకెట్ భుజాలు పట్టుకుని నేనే పైకి లాగి చూశాను. రెండు పట్టీలు వదులుగా ఉన్నాయి.