మంచుకీ మల్లెపూలకీ మధ్య

జనవరి నెలాఖరు. పొద్దున్న ఆరు గంటలు. రాజమండ్రి కోటిలింగాల రేవులో నిలబడితే గోదావరి కనిపించదు... వినిపిస్తుంది! మెట్లకి నీళ్ళు తగిలి వెనక్కి మళ్ళే చప్పుడు, ఎక్కడో తెడ్డు పడిన శబ్దం, అల్లంత దూరాన రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద బండి వెళుతున్న మోత... అన్నీ ఉంటాయి. నది జాడ మాత్రం ఉండదు. నాలుగో మెట్టు దగ్గర్నుంచి అవతలంతా తెలుపే.

ఆ తెల్లటి మంచులోంచి ఒక్కొక్కరే బయటికొస్తారు. మంకీ క్యాపులు, మఫ్లర్లు, పెళ్ళినాటి శాలువాలు. చెవుల్లో దూది. ఢిల్లీలో ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతికి వచ్చి ఇంకా వెళ్ళని అల్లుడుగారెవరైనా ఉంటే ఈ వేషాలు చూసి నవ్వుకుంటాడు. నవ్వుకోవాల్సిందే మరి... ఇక్కడ చలంటే థర్మామీటరు పద్దెనిమిదో పంతొమ్మిదో చూపించడం! కానీ మే నెలలో నలభై అయిదు డిగ్రీల దాకా కాగే ఊరికి పద్దెనిమిదంటే చలే. ఏడాదిలో ఓ రెండు నెలలు శాలువా కప్పుకునే భాగ్యం ఉంటే దాన్నెందుకు వదులుకుంటారు?

కోటిలింగాల నుంచి పుష్కరాల రేవు దాకా, ఓపికున్నవాళ్ళు అక్కణ్ణుంచి గౌతమీ ఘాట్ దాకా... ఇదీ ఈ ఊరి వాకింగ్ దారి. సుగరున్నవాళ్ళు చేతులు ఊపుకుంటూ వడివడిగా వెళతారు. రిటైరైన మాస్టార్లు రాజకీయాలు మాట్లాడుకుంటూ పది అడుగులకోసారి ఆగిపోతారు. మాఘస్నానాలకొచ్చిన ఆడవాళ్ళు అరటిదొప్పలో దీపం పెట్టి వదిలితే అది రెండు గజాలు వెళ్ళి మంచులో కలిసిపోతుంది.

వీళ్ళందరి మధ్యా ఒకాయన ఉంటాడు. నడకకి వస్తాడు గానీ నడవడు. తిన్నగా రేవులోకి దిగి మెట్లు లెక్కపెట్టుకుంటాడు. ఆయన పేరుతో ఇక్కడెవరికీ పనిలేదు, అందరికీ లస్కరు గారే. నీటిపారుదల శాఖలో కాలవ మీద లస్కరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. తూము తలుపులెత్తడం, దించడం, కొలబద్ద చూసి నీటిమట్టం పుస్తకంలో రాయడం... ఆ అలవాటు ఉద్యోగంతో పోలేదు.

‘‘ఎన్ని తేలాయి లస్కరు గారూ?’’ అని అడుగుతారు దారినపోయే మాస్టారు.

‘‘నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదండి. పరవాలేదండి... ఆయ్!’’

ఆ జవాబు వేళాకోళానికి చెప్పేది కాదు. దాని సంగతి తర్వాత. ముందు ఈ మంచు మాట చూద్దాం.

గోదావరి జిల్లాల్లో మాఘమాసపు మంచుకి నది ఒక్కటే కారణం కాదు. అప్పటికి సార్వా కోతలైపోయి, దాళ్వా ఊడ్పులు పడి ఉంటాయి. డెల్టా అంతా నీళ్ళు నిలిచిన మడులే. రాత్రి ఆకాశంలో మబ్బుండదు, గాలి కదలదు. పగలు పీల్చుకున్న వేడినంతా నేల రాత్రికి వదిలేస్తుంది. చల్లబడిన నేల మీద తడిగాలి పేరుకుని మంచవుతుంది. ఎండ కాస్త చురుక్కుమనేసరికి, ఎనిమిదికో ఎనిమిదిన్నరకో, ముందు రైలు వంతెనల తలలు బయటపడతాయి. తర్వాత లంకలు. చిట్టచివరికి నీళ్ళు.

కిందికి నడుస్తూ వెళితే 1997లో కట్టిన ఆర్చి బ్రిడ్జి కమానులు ఒకటొకటిగా తేలడం చూడొచ్చు. దాని పక్కనే పాత హేవ్‌లాక్ వంతెన. 1900లో రైళ్ళు మొదలై, 1997లో ఆగిపోయాయి దాని మీద. మంచు విడిపోయే ఆ పది నిమిషాల్లో రెండింటిలో ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోలేం.

రథసప్తమి వెళ్ళేదాకా ఇదే వరస. ఆ రోజు జిల్లేడాకులు తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం, చిక్కుడుకాయలతో రథం, పిడకల దాలి మీద పొంగిన పాలతో పరమాన్నం. సూర్యుడు రథం తిప్పాడంటారు పెద్దలు. తిప్పినమాట నిజమేనని గడియారమూ చెబుతుంది. జనవరి ఆఖరున ఆరున్నర దాటితే గానీ కనబడని సూర్యుడు, మార్చి నెలాఖరుకి ఆరింటికే హాజరు. అన్నట్టు, మనదేశపు టైము లెక్కకట్టే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ ఈ ఊరికి కాస్త తూర్పునే ఉంది. అందుకే ఇక్కడి గడియారాలకీ సూర్యుడికీ పెద్ద పేచీ ఉండదు.

పంచాంగంతో మాత్రం ఉంది! మాఘ శుద్ధ పంచమిని వసంత పంచమి అంటాం. కానీ లెక్క ప్రకారం మాఘ ఫాల్గుణాలు శిశిరం, వసంతం ఉగాదితో గానీ మొదలవదు. ఉగాది వచ్చేసరికి రాజమండ్రిలో మధ్యాహ్నం రెండింటికి మెయిన్‌రోడ్డు మీద నడిచేవాడుండడు. పంచాంగం చెప్పిన వసంతం ఇక్కడ ఎండాకాలం పద్దులోకి పోతుంది. అసలు వసంతం శివరాత్రికి అటూ ఇటూ నాలుగు వారాలు. అదీ పొద్దుటిపూట!

చలి శివరాత్రికి ‘శివశివా’ అంటూ పోతుందని సామెత. నిజానికి అది ఒక్కరోజున పోదు. ముందు మంకీ క్యాపు పోతుంది. నాలుగు రోజులాగి మఫ్లరు. శాలువా భుజమ్మీదికి జారి, అక్కణ్ణుంచి చేతిమీదికొచ్చి, ఓ రోజు ఇంట్లో ఉండిపోతుంది. దాన్ని ఉతికి, ఎండబెట్టి, కలరా ఉండలేసి ఇనప్పెట్టెలో పెట్టడం ఇల్లాలి వంతు. ‘‘అప్పుడేనా? ఇంకో వారం ఆగవే’’ అంటాడు ముసలాయన. ఆవిడ ఆగదు.

వీధులు ఇంకా తొందరగా మారిపోతాయి. దానవాయిపేట, ఇన్నీసుపేట, ఆర్యాపురం... పాత ఇళ్ళున్న వీధుల్లో నడిస్తే ఫిబ్రవరిలో ఊడ్చేవాళ్ళకి పనెక్కువ. రావిచెట్టు నిన్నటిదాకా నిండుగా ఉండి ఇవాళ బోడిగా నిలబడుతుంది. పది రోజులు తిరక్కుండా రాగిరేకుల్లాంటి లేతచిగురు. కానుగ అంతకన్నా వింత... ఓ పక్క ఎండుటాకు రాలుస్తూనే ఇంకో పక్క మెరిసే పచ్చటాకు తొడుగుతుంది. సరిగ్గా అప్పుడే, వేసవికి ముందు కరెంటు తీగలకి అడ్డమంటూ కొమ్మలు నరికే మనుషులొస్తారు. చిగురేసిన కొమ్మనే నరకాలా, నెల ముందు నరికితే ఏం పోయింది అని వీధివాళ్ళు సణుక్కుంటారు. ఏటా సణుక్కుంటారు, ఏటా అప్పుడే వస్తారు.

పెరట్లో మామిడిచెట్టున్న ఇళ్ళవాళ్ళు ఈ రోజుల్లో పైకి చూస్తూ నడుస్తారు. కొత్తపల్లి కొబ్బరో, రసాలో... పూత బంగారంలా దిగి ఉంటుంది. గోదావరి ఒడ్డున నడిచేవాళ్ళకి ముచ్చటగొలిపే ఆ మంచే పూతకి పగవాడు. తడి ఆరని పూతమీద బూడిద తెగులు, తేనెమంచు పురుగు చేరతాయి. పురుగు వదిలిన జిగురు ఆకుల మీద మెరుస్తుంటే తెలియనివాళ్ళు తేనె అనుకుంటారు. వారం రోజులకి దానిమీద నల్లటి మసి పడుతుంది. అందుకే ఫిబ్రవరి రెండోవారంలో కూడా మంచు దట్టంగా పడితే నడకకొచ్చినవాళ్ళలో సగంమంది ‘ఆహా’ అంటారు, మిగతా సగం ‘ఈసారి ఆవకాయ కాయ కొనుక్కోవాల్సిందే’ అంటారు.

కాలం మారిందని ఖాయంగా తెలియాలంటే పూల గంప చూడాలి. కడియపులంక పూల మార్కెట్ ఈ ఊరికి ఎంతో దూరం లేదు. పుష్యమాసమంతా అక్కణ్ణుంచి వచ్చేవి చామంతులు, బంతులు. గుడి దగ్గర పూలమ్మే మామ్మగారి గంప పసుపుపచ్చగా ఉంటుంది. మాఘం వెళ్ళేవేళకి ఓ మూల తడిగుడ్డ చుట్టిన చిన్న మూట కనబడుతుంది. మల్లెలు! మొదట్లో మొగ్గ సన్నం, ధర లావు.

‘‘మూరెంత మామ్మగారూ?’’

‘‘కొత్త మల్లెలమ్మా... వాసన చూసి అడుగు.’’

వాసన చూశాక బేరం ఎవరాడతారు? మార్చి మధ్యకి ఆ గంప మొత్తం తెల్లబడుతుంది. చామంతి మూలకి పోతుంది.

తిండి సంగతీ అంతే. జనవరిలో రోడ్డు పక్కన ఉడికించిన తేగల కట్టలు, రేగుపళ్ళ రాశులు. శివరాత్రికి చిలగడదుంపలు. తర్వాత పుచ్చకాయలు దిగుతాయి. ఈ ఊరికి ఇంకో గుర్తు కూడా ఉంది... రోజ్‌మిల్క్. కోరా, పాలకోవా తగిలే ఆ గులాబీరంగు పాలు దొరకని రోజంటూ ఉండదు గానీ, చలిలో ఆ కొట్టు ముందు నిలబడేది పొరుగూరివాళ్ళే. ఊళ్ళోవాళ్ళు నడక ముగించి టీకొట్టుకి కాకుండా సాయంత్రాలు రోజ్‌మిల్క్ కొట్టు వైపు మళ్ళారంటే వేసవి వచ్చినట్టే. వాతావరణశాఖ ఇంకా చెప్పకపోయినా సరే.

గాలి కూడా తిరుగుతుంది. మార్చి వచ్చేసరికి మధ్యాహ్నాలు సముద్రం వైపు నుంచి తడిగాలి తోలడం మొదలెడుతుంది. పొద్దున్న రేవులో మంచుండదు. నది ఆ ఒడ్డు కొవ్వూరు దాకా స్పష్టంగా కనిపిస్తుంది. మబ్బులేని ఆకాశం, కొమ్మల్లో కోయిల... చూడ్డానికి ఎంత హాయో! లస్కరు గారికి మాత్రం అక్కణ్ణుంచే నిద్రపట్టదు.

ఆయన కొడుక్కి కాజులూరు వైపు మూడెకరాల దాళ్వా ఉంది. తూర్పు డెల్టాలో శివారు భూమి. అంటే ధవళేశ్వరం దగ్గర కాలవలోకి వదిలిన నీరు అందరి పొలాలూ తడిపి, ఆఖర్న చేరే చోటు. చేరితే!

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసినప్పటి నుంచీ, దాని చోట ఇప్పుడున్న బ్యారేజీ వచ్చాక కూడా, లెక్క ఒకటే. వర్షాకాలంలో సముద్రంలోకి వృథాగా పోయే నది, ఫిబ్రవరి వచ్చేసరికి సన్నబడిపోతుంది. బ్యారేజీకున్న 175 తలుపులూ దించి నీళ్ళు నిలబెట్టి, మూడు డెల్టాల కాలవలకీ పంచుతారు. పైనుంచి సహజంగా వచ్చేది చాలకపోతే సీలేరే దిక్కు. అక్కడ కరెంటు తీశాక వదిలిన నీరు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడి, పోలవరం దాటి ఇక్కడికి రావాలి. నీళ్ళు నిలబెట్టి ఉంచుతారు కాబట్టి రేవులో మట్టం ఒక్కసారిగా పడిపోదు. కానీ వచ్చే నీటికన్నా కాలవలు లాగే నీరు ఎక్కువైన రోజున, నిన్న మునిగి ఉన్న మెట్టు ఇవాళ పాచితో బయటికొస్తుంది. లస్కరు గారు లెక్కపెట్టేది దాన్నే.

ఫిబ్రవరి దాటితే వరికి ఆకలెక్కువ. జనవరి చలికి నారు ఎదగక ఆలస్యంగా ఊడ్చిన చేలైతే మరీ. మిగతావాళ్ళ చేలు పాలు పోసుకుంటుంటే శివారు చేను ఇంకా పొట్టమీదే ఉంటుంది. నీళ్ళు తక్కువైన ఏడు వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలవకి, ఇన్ని రోజులు ఆ కాలవకి అని. పైనున్నవాళ్ళ వంతు అయ్యాక శివారు బోదెలోకి వచ్చేది బురదే. అప్పుడు మురుగు కాలవలో ఆయిలింజను పెట్టి తోడుకోవాలి. ఇంజను అద్దె, డీజిలు, రాత్రి కాపలా... ఎకరానికి మిగిలేదంతా ఆ పొగలోనే పోతుంది.

‘‘ఉద్యోగంలో ఉన్నప్పుడు శివారు రైతులొచ్చి నా మీద కేకలేసేవారండి. తలుపు ఇంకో నాలుగు పళ్ళు ఎత్తరా అని. నా చేతిలో ఏముందండి అనేవాణ్ణి. ఇప్పుడు మావోడు ఫోన్లో అదే కేక నామీద వేస్తన్నాడండి’’ అంటాడు లస్కరు గారు, నవ్వుతూనే.

నది తగ్గేకొద్దీ ఇంకోటి కూడా బయటపడుతుంది. ఊరి మురుగు. ప్రవాహం నిండుగా ఉన్నన్నాళ్ళూ కొట్టుకుపోయినట్టే ఉండేది, మార్చిలో రేవుల పక్కన నల్లటి చారలా నిలబడుతుంది. స్నానాలవాళ్ళు నాలుగు మెట్లు పక్కకి జరిగి మునుగుతారు. వాకింగువాళ్ళు రుమాలు అడ్డం పెట్టుకుని ఆ కాస్త దూరం గబగబా దాటేస్తారు. 2015 పుష్కరాలకి రేవులన్నీ పొడిగించి పాలరాయిలా తీర్చిదిద్దారు. 2027లో మళ్ళీ పుష్కరాలు. మెట్లు ఎన్ని కట్టినా వాటిని తడిపే నీళ్ళు ఎలా ఉన్నాయన్నది మార్చిలో వచ్చి చూడాలి, జులై వరదలో కాదు.

మార్చి ఆఖరివారం. ఆరు గంటలకే వెలుతురు. నడకవాళ్ళు అయిదింటికే వచ్చి ఏడింటికల్లా ఇళ్ళకి చేరిపోతున్నారు. వేపచెట్ల కింద పూత రాలుతోంది, ఉగాది పచ్చడికి ఏరుకునేవాళ్ళు ఏరుకుంటున్నారు. కాలవలు ఎప్పుడు కట్టేస్తారన్నదే రేవులో మాట. నెలాఖరుకన్నారని ఒకరు, ఏప్రిల్లో ఇంకో వారం ఇస్తారని ఇంకొకరు. లస్కరు గారు చెప్పులు విడిచి కింది మెట్టు దాకా దిగాడు. పాచిమీద కాలు జారకుండా కూర్చుని, చేత్తో నీళ్ళు తాకి, పైకొచ్చి జేబులోంచి ఫోను తీశాడు.

‘‘ఒరే... ఇక్కడ నిన్నటి మీద కాసింత పెరిగింది. పైనుంచి ఏదో వదిలినట్టున్నారు. మీకాడికి రావడానికి మూడ్రోజులు పడద్ది. ఇంజను అప్పుడే మాట్లాడకు...’’

అవతల కొడుకు ఏదో అంటున్నాడు. ఆయన వింటూ అలాగే నిలబడ్డాడు.

‘‘గింజ పాలు పోసుకుందా లేదా, అది చెప్పు ముందు.’’