థేమ్సు నదిపై ముగ్గురు మిత్రులు

ఇంగ్లండులోని థేమ్సు నది మొత్తం పొడవు 346 కిలోమీటర్లు. గోదావరి గట్టున పుట్టి పెరిగినవారికి అది పెద్ద కాలువలా కనిపిస్తుందే గాని నదిలా కనిపించదు. అయినా ఆ ఏటి ఒడ్డునున్న చిన్న చిన్న పల్లెల పేర్లు ప్రపంచమంతటా చదువరులకు తెలుసు. అందుకు ఒక కారణం 1889 లో వెలువడిన ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ అనే హాస్య నవల. వ్రాసినవాడు జెరోమ్ కె. జెరోమ్. మన పాఠకులలో పెద్దలు కొందరు దీనిని చదివే ఉంటారు. ఆ మధ్య కొన్ని సంవత్సరాలు సి.బి.ఎస్.ఇ. వారు తొమ్మిదవ తరగతికి ఈ నవల పెట్టారు గనుక, మన ఇళ్లలోని పిల్లలలోనూ ఎరిగినవారున్నారు.

కథ రెండు మాటల్లో తేలిపోతుంది. ముగ్గురు యువకులు, ఒక కుక్క. కథ చెప్పేవాడు ఒకడు, బ్యాంకు గుమాస్తా జార్జి రెండవవాడు, హారిస్ మూడవవాడు. కుక్క పేరు మాంట్‌మొరెన్సీ. వీరికి ఒంట్లో ఏ జబ్బూ లేదు. జబ్బు ఉన్నదన్న నమ్మకం మాత్రం పుష్కలంగా ఉన్నది. కథ చెప్పేవాడు ఒకనాడు ఒక వైద్యగ్రంథం తిరగవేసి, పనికత్తెలకు వచ్చే మోకాలి వాపు తప్ప అందులోని రోగాలన్నీ తనకున్నవని తేల్చుకుంటాడు. దీనికి విశ్రాంతే మందని నిశ్చయించి, ముగ్గురూ పదిహేను రోజుల పడవ ప్రయాణానికి బయలుదేరుతారు.

రండి, మనమూ వారి వెంట పోదాం.

పడవ ఎక్కేది లండనుకు ఎగువన కింగ్‌స్టన్ దగ్గర. సముద్రపు పోటు అంతదూరం రాదు; దిగువన టెడింగ్టన్ దగ్గరే ఆగిపోతుంది. పూర్వం సాక్సను రాజులకు పట్టాభిషేకం జరిగిందని చెప్పే రాయి ఒకటి ఈ ఊళ్లో నేటికీ ఉన్నది. మరి కొంచెం పైకి పోతే హాంప్టన్ కోర్టు రాజభవనం, దాని తోటలో 1700 ప్రాంతాల నాటిన పొదల చిక్కుదారి. హారిస్ లోగడ ఒకసారి, ఇదేమంత పని అనుకొంటూ, దారి తప్పిన వాళ్లనందరినీ వెంటేసుకొని అందులో తిరుగుతాడు. తిరిగి తిరిగి అందరూ మళ్లీ మధ్యకే వస్తారు. బయటికి తీసుకురావటానికి లోపలికి వెళ్లిన కుర్ర కాపలాదారు కూడా దారి తప్పుతాడు. చివరకు ముసలి కాపలాదారు భోజనం చేసి వచ్చేదాకా ఎవరికీ విముక్తి లేదు.

ఈ నదిమీద దారి పొడుగునా లాకులు. లాకు అంటే ఏమిటో మనవారికి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట చూచినవారూ, గోదావరి కాలువల మీది పడవ ప్రయాణాల ముచ్చట్లు తాతల నోట విన్నవారూ ఎరుగుదురు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, నీటిమట్టం పెంచి, ముందు తలుపులు తెరుస్తారు. గట్టుమీద నడుస్తూ త్రాటితో పడవను లాగటం కూడా మన కాలువలలో ఉండినదే. చక్కగా చుట్టిపెట్టిన ఆ త్రాడు, అర నిమిషం ఇటు తిరిగి అటు చూచేసరికి దానంతటదే చిక్కుపడిపోతుందని జెరోమ్ వాపోతాడు. ఒడ్డున త్రాడు లాగటానికి వేసిన ఆ పాత బాట చాలా వరకు నేడు కాలినడక దారి. 1996 లో దానిని జాతీయ నడకమార్గంగా ప్రారంభించారు.

తరువాత రన్నీమీడ్ పచ్చిక మైదానం. 1215 లో జాన్ రాజు చేత ప్రభువులు మాగ్నా కార్టా శాసనానికి ముద్ర వేయించినది ఇక్కడే. ఇటువంటి చోటికి రాగానే జెరోమ్ హాస్యం కట్టిపెట్టి చరిత్ర చెప్పబోతాడు. అంతలోనే ఆకలి గుర్తుకు వస్తుంది. ఒకచోట అనాసపండు డబ్బా ఉంటుంది గాని తెరిచే సాధనం ఉండదు. కత్తితో పొడిచి, రాతితో కొట్టి, తెరచాప కొయ్యతో మోది, చివరకు కోపంతో ఏట్లోకి విసిరివేస్తారు. వాలింగ్‌ఫర్డుకు నడిచిపోయి వచ్చేటప్పుడు ఒక సత్రంలో గాజుపెట్టెలో పెద్ద చేప కనిపిస్తుంది. వచ్చిన ప్రతివాడూ దానిని తానే పట్టానంటాడు. జార్జి చెయ్యి తగిలి అది కిందపడి వెయ్యి ముక్కలైతే, తీరా అది సున్నపు బొమ్మ!

నవ్వులే కాదు. గోరింగ్ అనే ఊరి దగ్గర నదిలో ఒక స్త్రీ శవం కొట్టుకు వస్తుంది. మోసపోయి, బిడ్డతో ఒంటరిదై, అయినవారే తలుపు మూసుకుంటే ఏటి పాలైన అభాగ్యురాలు. ఆ పుటలు చదివినవాడు ఈ రచయితను వట్టి విదూషకుడనడు.

ఆక్సుఫర్డు చేరి తిరుగు ముఖం పట్టాక వర్షం పట్టుకుంటుంది. రెండు రోజులు తడిసి, పాంగ్‌బోర్న్ దగ్గర పడవను ఒకరికి అప్పజెప్పి, ఎవరూ చూడకుండా రైలెక్కి లండను చేరి, కడుపునిండా వేడి భోజనం చేస్తారు. ఇంతే వారి సాహసయాత్ర.

జెరోమ్ 1859 లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే, రైలుపట్టాల పక్కన రాలిన బొగ్గు ఏరించే కొలువుతో బ్రతుకు మొదలుపెట్టాడు. 1888 లో పెళ్లయి, భార్యతో థేమ్సు మీద విహరించి వచ్చి ఈ పుస్తకం వ్రాయబూనాడు. మొదట తలపెట్టినది నది చరిత్ర. హాస్యం వచ్చి దాన్ని మింగివేసింది. పడవలోకి మాత్రం భార్యను గాక పాత మిత్రులనే ఎక్కించాడు. కుక్క కల్పితం, మిత్రులు నిజం. జార్జి అసలు పేరు జార్జి వింగ్రేవ్. నిజంగానే బ్యాంకు ఉద్యోగి. హారిస్ అసలు పేరు కార్ల్ హెంట్షెల్.

నేను ఈ వ్యాసం వ్రాయటానికి కారణం ఈ హెంట్షెల్. ఇతడు 1864 లో, అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న పోలండులోని లోడ్జ్‌లో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో లండను వచ్చాడు. ఫోటోల నుండి అచ్చు బ్లాకులు తయారుచేయటంలో పెద్ద పేరు సంపాదించాడు. ఆఫ్‌సెట్టు రాకముందు మన పత్రికలలో బొమ్మలు ఇట్టి బ్లాకులతోనే అచ్చయ్యేవి గదా! 1900 లో వచ్చిన రెండవ నవలలో ముగ్గురూ జర్మనీలో సైకిళ్లమీద తిరుగుతారు. అక్కడ హారిస్ అచ్చమైన ఇంగ్లీషువాడే. కాని 1914 లో యుద్ధం రాగానే, ఇతడు జర్మనువాడని గిట్టనివారు కేకలు లేవదీశారు. పేరు పరాయిదిగా వినిపించటమే నేరమైంది. యాభై ఏళ్లకు దగ్గరపడిన లండను వాసం ఒక పుకారు ముందు నిలవలేదు, వ్యాపారం దెబ్బతిన్నది.

జెరోమ్ అప్పటికి వృద్ధాప్యంలో పడ్డాడు. ఇంగ్లీషు సైన్యం వద్దంటే ఫ్రెంచివారి తరఫున క్షతగాత్రుల బండి నడిపి వచ్చాడు. అటువంటివాడు 1926 లో తన స్వీయచరిత్రలో, మిత్రుడు జర్మను కాడు, పోలిష్ వాడని, అతనికి అన్యాయం జరిగిందని స్పష్టంగా వ్రాశాడు. మరుసటి సంవత్సరమే కన్నుమూశాడు. థేమ్సుకు కొద్ది దూరంలోని యూయెల్మ్ అనే పల్లెలో అతని సమాధి ఉన్నది.

మూడు నాలుగు తరాలుగా ఒక ఊరి నీళ్లు త్రాగి, ఆ ఊరి భాష మాట్లాడి, ఇంట్లో మాత్రం తెలుగు నిలుపుకొన్న కుటుంబాలు మనవి. “మీ సొంత ఊరేది?” అనే ప్రశ్న మనకు కొత్త కాదు. అడిగేవారు చాలామంది ప్రేమతోనే అడుగుతారు. కాలం చెడినప్పుడు అదే ప్రశ్న మరో గొంతుతో రావచ్చును. అప్పుడు పక్కన నిలబడి మాట సాయం చేసేవాడు, ఒకప్పుడు మనతో ఒకే కుండలో వండుకు తిని, ఒకే వానలో తడిసినవాడే.

ఈ వేసవి సెలవులలో మన కుర్రవాళ్లు వాళ్ల వాళ్ల ఊళ్ల మిత్రులతో కలిసి ఎక్కడికైనా పోతామంటే, పెద్దలు అడ్డు చెప్పకండి. తమిళుడో, ఒరియావాడో, కన్నడిగుడో, మరాఠీవాడో, ఎవరైనా సరే. డబ్బా తెరిచే సాధనం మాత్రం మరచిపోకుండా ఇచ్చి పంపండి.