బాటసారి చివరి మధుపాత్ర

తపతీ నదీ తీరాన వెలసిన సూరత్ నగరం నేడు వజ్రాలకూ, జరీ పనికీ పేరెన్నిక గన్నది. గుజరాత్‌లో మద్యనిషేధం అమలులో ఉన్నది గనుక, ద్రాక్ష మధువు రుచి చూపే విహారశాలలను ఈ ఊరిలో వెదకడం వృథా. అయినా మధువు కథలు వినగోరే యాత్రికునికి సూరత్‌లో తావు లేకపోలేదు. ఆ కథలు పాత సమాధుల చెంత మొదలవుతాయి.

1608లో ‘హెక్టర్’ అనే ఇంగ్లీషు ఓడ సూరత్ రేవుకు చేరింది. కొద్ది ఏళ్లకే ఇంగ్లీషువారూ, డచ్చివారూ ఇక్కడ వర్తకశాలలు నెలకొల్పారు. ఐరోపా మధువు ఓడలలో వచ్చేది; షిరాజ్ మధువు పారశీకం నుండి దిగేది. సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధ ద్రవ్యాలు కలిపిన ‘పంచ్’ సైతం వారి విందులలో ఉండేది. ఐదు అనే అర్థమిచ్చే మన మాట నుండే ఆ పేరు పుట్టిందని పలువురి అభిప్రాయం. 1689లో సూరత్‌కు వచ్చిన ఓవింగ్టన్ అనే క్రైస్తవ మతాచార్యుడు, విలాసప్రియుడైన ఒక డచ్చి అధికారి సమాధిపై మూడు పెద్ద పంచ్ గిన్నెల ఆకృతులను చూశాడు. మిత్రులు అక్కడ చేరి, పోయినవానిని తలచుకుంటూ తమను తామే మరచేవారట!

అన్ని కథలూ ఇంత ఉల్లాసంగా ముగియలేదు.

టామ్ కోర్యాట్ ఇంగ్లండుకు చెందిన బాటసారి. 1608లో ఐరోపాలో పర్యటిస్తూ, జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో లక్ష లీటర్లకు పైగా మధువు పట్టే మహా పీపాను ఎక్కి చూశాడు. ఆ వింతను 1611లో తన గ్రంథంలో వర్ణిస్తూ, అక్కడికి వెళ్లేవారు ఆతిథేయుల బలవంతానికి లొంగక మితంగా తాగాలని హితవు చెప్పాడు.

తరువాత ఆయన తూర్పు దారి పట్టాడు. అలెప్పో నుండి అజ్మీరు వరకు కాలినడకన వచ్చి, జహంగీరు చక్రవర్తి ఎదుట పారశీక భాషలో ప్రసంగించాడు. 1617లో అతిసారంతో కృశించి సూరత్ చేరాడు. స్వదేశం నుండి ‘శాక్’ మధువు వచ్చిందని వినగానే పసివానిలా సంబరపడి అడిగాడు. తోటి ఇంగ్లీషువారు ప్రేమతో పోశారు. ఆయన మితంగానే తాగాడని మిత్రుడైన ఎడ్వర్డ్ టెర్రీ రాశాడు. కాని రోగం ముదిరింది. ఆ డిసెంబరులోనే కోర్యాట్ కన్నుమూశాడు. తూర్పు దేశాల యాత్రను గ్రంథంగా వెలువరించే భాగ్యం ఆయనకు దక్కలేదు.

సూరత్‌కు చేరువలోని సువాలీ సముద్రతీరాన ఆయనను ఖననం చేశారని చెబుతారు. హైడెల్‌బర్గ్‌లో ఆయన ఎక్కిన పీపా ఇప్పుడు లేదు. 1751లో నిర్మించిన మరొక పీపాను చూడడానికి నేటికీ జనం వెళుతున్నారు. సువాలీకి వచ్చే యాత్రికునికి సముద్రం కనిపిస్తుంది. వేల మైళ్లు నడిచి వచ్చిన బాటసారికి, జన్మభూమి రుచిని ఒక్కసారి చూపి పంపిన తీరమది.